పళ్ళు రాని గవ్వ

తుఫాను వెలిసిన మర్నాడు ఉదయం, ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు కుప్ప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అతను తన అరచేతిలోకి చూస్తూ ఉండిపోయాడు.

అరచేతిలో గవ్వలు వరసగా ఉన్నాయి. ఈ చివర ఉన్నది పలచన, గుడ్డు పెంకంత పలచన. వీపు మీద బూడిదరంగు అడ్డపట్టీలు. తిప్పి చూస్తే నోరు వెడల్పుగా తెరుచుకుని ఉంది. పెదవి అంచు బ్లేడులా ఉంది. పళ్ళు లేవు. ఆ చివర ఉన్నది ఈ తీరంలో ఎవరు వంగినా దొరికే పసుపు గవ్వ: మందం, నునుపు, సన్నటి నోటికి రెండు వైపులా పళ్ళ వరస. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి రెండూ ఒకటే అని ఎవరైనా అంటే, ఏళ్ళ తరబడి గవ్వలు ఏరుతున్న అతనే ముందు నవ్వి ఉండేవాడు. కాని మధ్యలో ఇంకా ఉన్నాయి. ఒకదానికి పెదవి లోపలికి ముడుచుకోవడం మొదలైంది. దాని తర్వాతదానికి అంచు లావెక్కి, పళ్ళు రాబోయేచోట చిన్న చిన్న నొక్కులు పడ్డాయి. ఆ తర్వాతదానికి పళ్ళు వచ్చేశాయి గాని వీపు మీది పట్టీలు ఇంకా పోలేదు. పసుపు రంగు పలచటి పూతలా వాటి మీదికి పాకుతోంది.

ఎక్కడో ఒకచోట గీత గీయాలని చూశాడు. ఇక్కడిదాకా ఒక జాతి, ఇక్కణ్ణుంచి ఇంకొకటి. ఏ రెండింటి మధ్య గీయబోయినా ఆ రెండూ సొంత అక్కచెల్లెళ్ళలా కనిపించాయి.

పలచటిది పసుపు గవ్వకు పిల్ల. అంతే. పిల్ల అయినా తల్లంత పొడవుంది, అందుకే కిందటి నెల ఇలాంటిదే చేతికొస్తే మోసపోయాడు. గవ్వ ముందు పొడవు పెరుగుతుంది. ఆ తర్వాత ముదురుతుంది, నోరు సన్నబడుతుంది, పళ్ళు వస్తాయి. ఈ సంగతి అతను ఎప్పుడో చదివాడు కూడా. చదివినదాన్ని చేతిలోనిదానికి ముడిపెట్టుకోలేదు. చేతిలోనిది అరుదైనదై ఉండాలని ఆ రోజు అతనికి బలంగా కోరిక పుట్టింది, దాంతో చదువు పక్కకు తప్పుకుంది.

లైబ్రరీలోని రీడింగ్ రూములో, కిటికీ పక్కన, అతను ఇచ్చిన గవ్వల అద్దాల బీరువా ఉంది. దాని మధ్య అరలో నీలం వెల్వెట్ గుడ్డ మీద సరిగ్గా ఇలాంటి పలచటి గుల్ల ఒక్కటే కూర్చుని ఉంది. ముందు అతని చేతిరాతతో చీటీ: 'బుడగ శంఖం. లోతు నీళ్ళ జీవి. ఈ తీరంలో దొరికిన మొట్టమొదటిది.' కింద, దాన్ని ఏరిన మనిషి పేరు. ఆ మనిషి అతని తోడల్లుడు. ఆదివారం నాడు కాలేజీ నుంచి లెక్చరరొకామె దాన్ని చూడడానికే వస్తోంది.

"తమ్ముడూ! ఏమన్నా తగిలాయా?"

తోడల్లుడు ఇసుకలో అడుగులు తడుముకుంటూ వస్తున్నాడు. ఆయన అతని భార్యకు అక్క మొగుడు. నిన్నమొన్నటిదాకా బస్సు నడిపేవాడు. కళ్ళ నరాల జబ్బు పక్కచూపును తినేసింది. ఎదురుగా ఉన్నది సూది బెజ్జమైనా కనిపిస్తుంది, పక్కన ఏనుగు నిలబడినా కనిపించదు. అలాంటి కళ్ళ ముందు స్టీరింగు పెట్టరు గదా. ఉద్యోగం పోయాక ఆలుమగలిద్దరూ అతని ఇంట్లోనే మేడ మీది గదిలో ఉంటున్నారు.

ఆ చూపు ఎక్కడ ఆగిపోతుందో అతనికి బాగా తెలుసు, బహుశా ఆయన కన్నా బాగా తెలుసు. అతను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు కోస్తాడు. ఒక సాయంత్రం, షాపులో ఎవరూ లేనప్పుడు, ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, పెన్ను మూతను చెవి దగ్గర్నుంచి నెమ్మదిగా ముందుకు తెస్తూ "ఇప్పుడు? ఇప్పుడు?" అని అడిగాడు. కుడివైపు కొంత నయం. ఎడమవైపు పెన్ను దాదాపు ముక్కు ముందుకొచ్చేదాకా ఆయన "ఊహూఁ" అంటూనే ఉన్నాడు.

అతను లేచి నిలబడ్డాడు. ఆయన దగ్గరికి వచ్చేసరికి అడుగు పక్కకు వేశాడు, ఇంకో అడుగు వేశాడు. ఇప్పుడు అతను ఆయనకు ఎడమపక్క ఉన్నాడు. అరచేయి బోర్లించి, మణికట్టు ఒక్కసారి విదిలించాడు. గవ్వలు అల మీద పడ్డాయి.

"ఏంటా చప్పుడు?"

"రాయి అన్నయ్యా. కాలికి అడ్డమొస్తే విసిరేశాను."

"బాగుంది. గవ్వలైపోయాయి, ఇక రాళ్ళ మీద పడ్డావా? రేపు బీరువాలో రాళ్ళకి కూడా ఒక అర ఇస్తావేమో!" అని ఆయన నవ్వి, కుప్ప ముందు గొంతుక్కూర్చున్నాడు.

ఇంటికి నడుస్తూ అతను తనకు తాను నచ్చజెప్పుకోబోయాడు. తొందరపాటు, ఏదో కంగారులో చెయ్యి అలా చేసేసింది. చెయ్యి సంగతి అలా సర్దుకోవచ్చు. కాళ్ళ సంగతేమిటి? చేతికన్నా ముందు కాళ్ళు కదిలాయి. ఎటు కదలాలో వాటికి తెలుసు. తన లోపల ఎవరో ఎప్పటినుంచో ఆయన గుడ్డితనాన్ని ఒక గోడలా లెక్కలో పెట్టుకుని ఉన్నారు, అవసరమైనప్పుడు వెనక దాక్కోవడానికి.

*

ఆ గుల్ల దొరికింది కిందటి నెల. అంతకుముందు తోడల్లుడు మేడ మీది గదిలో గోడకు ఎదురుగా కూర్చుని పొద్దు గడిపేవాడు. "మీ వెంట సముద్రానికి తీసుకుపోరాదూ, బావగారు ఆ గోడని చూసి చూసి దానికి రూటు నంబరు వేసేట్టున్నారు," అంది భార్య. తీసుకుపోయాడు. మొదట్లో ఆయన సీసా మూతలు ఏరి తెచ్చేవాడు, విరిగిన గుండీలు తెచ్చేవాడు. ఒకసారి కట్టుడు పన్ను తెచ్చి "ఇదే జాతి తమ్ముడూ?" అని అడిగాడు. అతను ఓపిగ్గా నేర్పేవాడు. రంగును నమ్మొద్దు అన్నయ్యా, ఎండకు ఎండి, ఇసుకకు అరిగితే పసుపు గవ్వ కూడా ఊదారంగు తేలుతుంది, కొత్తది దొరికిందని మురిసిపోతాం. నోరు తిప్పి చూడాలి. పళ్ళు పొడుగ్గా ఉన్నాయా, పొట్టిగా ఉన్నాయా, అంచుదాకా పాకాయా. ఈ రెండు చిప్పలూ చూడండి, ఒకటి బల్లపరుపు, ఒకటి దొప్ప. రెండు జాతులనుకుంటారు. కాదు, ఒకే జీవికి కింది చిప్ప, పై చిప్ప.

అలా నేర్పుతున్నప్పుడు అతని గొంతులోకి ఒక మెత్తదనం వచ్చేది. ఆ మెత్తదనమే ఇప్పుడు అతనికి అన్నిటికన్నా అసహ్యంగా తోచింది. ఈ కుటుంబానికి అల్లుడై వచ్చిన కొత్తలో అందరి నోటా పెద్దల్లుడి మాటే. పెద్దల్లుడు బస్సు ఆపి అత్తగారిని గుమ్మం ముందే దింపాడు, పెద్దల్లుడు కొండ మలుపులో బ్రేకులు పోతే అందరినీ బతికించాడు. చిన్నల్లుడేం చేస్తాడు? అద్దాలు తుడుస్తాడు. ఇన్నేళ్ళకు పెద్దల్లుడు తన ముందు వంగి, ఇదేమిటి, అదేమిటి అని అడుగుతున్నాడు. ఒక రోజు తడి ఇసుకలోంచి ఆ పలచటి గుల్లను తీసి రెండు చేతులతో పట్టుకొచ్చాడు, పగులుతుందేమోనన్న భయంతో. అతను దాన్ని చూశాడు. తర్వాత ఆయన మొహం చూశాడు. మొహం చూడకుండా గుల్లను మాత్రమే చూసి ఉంటే, అది ఏమిటో బహుశా అప్పుడే తెలిసేది.

"అన్నయ్యా," అన్నాడు గొంతు తగ్గించి, "ఇలాంటిది నేను కూడా ఎప్పుడూ ఏరలేదు."

ఇచ్చే చేతికి ఎంత హాయిగా ఉంటుందో ఆ రోజు అనుభవించాడు. పుచ్చుకున్నవాడు అంతకన్నా ఎక్కువ వెలిగిపోయాడు.

*

ఆదివారం లోపు ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలి. లెక్చరరు ఒక్క చూపులో కనిపెడుతుంది. అప్పుడు అందరి ముందూ నవ్వులపాలయ్యేది చీటీ మీద పేరున్నవాడు. పేరు ఆయనది. చెప్పడానికి ఎన్నో సందులు దొరికాయి. ప్రతి సందు దగ్గరా అతను ఆగి, చుట్టూ చూసి, దాటిపోయాడు.

ఇంట్లో భోజనాల దగ్గర అత్తగారు పళ్ళేన్ని ముందుగా పెద్దల్లుడి వైపు జరపడం మొదలుపెట్టింది. "ఇన్నేళ్ళు స్టీరింగు తిప్పినా ఒక్కడు పేరడగలేదు. వంగి ఒక్క గవ్వ ఏరితే కాలేజీవాళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారట. ముందే చెప్పుంటే చిన్నప్పుడే వంగోబెట్టేదాన్ని గదయ్యా!"

"అప్పుడు మీ అమ్మాయి పెళ్ళికి ఒప్పుకునేది కాదత్తయ్యా, వంగిపోయినవాడు వద్దనేది," అన్నాడాయన.

ఆయన భార్య, వదిన, నవ్వింది. ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వడం విని అతని భార్య వంటింట్లోంచి తొంగి చూసింది. 'చాలా రోజులకు నవ్వింది' అన్నట్టు అతనికి కనుసైగ చేసింది. ఇప్పుడు చెప్తే ఈ నవ్వు పోతుంది, అనుకున్నాడతను. ఆ ఆలోచన మొదట మంచితనంలాగే వచ్చింది. నోట్లో ముద్ద పెట్టుకుని నెమ్మదిగా నములుతూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తిప్పితే దాని అడుగు కనిపించింది. తను కాపాడుతున్నది వదిన నవ్వును కాదు. 'గవ్వల సారు పొరబడడు' అని రీడింగ్ రూములో జనం అనుకునే మాటను. రెండు కారణాలూ పైకి ఒకేలా ఉన్నాయి, రెంటికీ మౌనమే ఫలితం. వాటిని విడదీయడం తనకు తప్ప ఎవరికీ చేతకాదు, తను విడదీయడు.

శనివారం మధ్యాహ్నం తోడల్లుడు షాపుకు వచ్చాడు. కళ్ళజోడు ముక్కు మీంచి జారుతోందట.

"రేపు ఆ లెక్చరరమ్మ ముందు ఇది జారిపడితే మర్యాదగా ఉండదయ్యా. కాస్త బిగించు."

అతను చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని మర బిగిస్తున్నాడు. ఆయన కళ్ళజోడు లేని మొహంతో, కౌంటరు మీద మోచేతులు ఆనించి కూర్చున్నాడు.

"ఏమడుగుతుందంటావు? ఎక్కడ దొరికింది అంటుంది. నాచు గట్టు దాటాక, తడి ఇసుకలో అంటాను. ఎలా గుర్తుపట్టారు అంటే? గుర్తుపట్టింది మా తమ్ముడమ్మా, నేను ఏరానంతే అంటాను. బాగుంటుందా? మరీ తగ్గినట్టుంటుందా?"

"బాగుంటుంది."

"మీ వదిన ఆ తెల్ల చొక్కా తీసి ఇస్త్రీ చేస్తోంది. రిటైర్మెంటు సభకని కుట్టించుకున్నది. సభ జరక్కుండానే ఇంటికి పంపారు గదా, పెట్టెలోనే ఉండిపోయింది. నేను వద్దే అన్నాను. వింటేనా!"

స్క్రూడ్రైవరు జారి మర నేల మీద పడింది. అతను దాన్ని వెతకడానికి కౌంటరు కింద వంగాడు. వెంటనే కనిపించింది, అయినా అక్కడే వంగి ఉండిపోయాడు. ఇప్పుడు చెప్పు. మొహం కనబడదు, ఇప్పుడు చెప్పు. కౌంటరు కింద దుమ్ము, విరిగిన అద్దం ముక్కలు. "దొరికిందా?" అని పైనుంచి ఆయన గొంతు. దొరికిందన్నాడు. లేచాడు, బిగించాడు, గుడ్డతో రెండు అద్దాలూ తుడిచి ఆయన చెవులకు తనే తొడిగాడు.

"ఇప్పుడు అంతా స్పష్టంగా ఉంది," అన్నాడాయన.

*

లెక్చరరు చిన్న వయసు మనిషి. భుజానికి గుడ్డ సంచి, చేతిలో భూతద్దం. రీడింగ్ రూములో కుర్చీలన్నీ బీరువా వైపు తిప్పారు. లైబ్రేరియన్ తాళం తీశాడు. రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివి అందరికీ అడ్డం తగిలే పేపరు తాత ముందు వరసలో కూర్చున్నాడు. వెనక, తలుపు దగ్గర వదిన. ఇస్త్రీ మడతలు ఇంకా విడని తెల్ల చొక్కాలో తోడల్లుడు బీరువా పక్కనే నిలబడ్డాడు. అతనూ నిలబడ్డాడు, ఆయనకు ఎదురుగా. కావాలని అక్కడ నిలబడలేదు, ఇంకెక్కడా చోటు లేదు.

ఆమె గుల్లను వెల్వెట్ మీంచి తీసింది, తిప్పింది. భూతద్దం పెట్టాల్సిన పని కూడా పడలేదు. ఎవరినీ నొప్పించకుండా ఎలా చెప్పాలా అని వెతుక్కుంటోందని అతనికి అర్థమైంది.

"ఇది మామూలు పసుపు గవ్వేనండి. పిల్లది. ఇంకా పళ్ళు రాలేదు. చాలామంది పొరబడతారు, కొత్తలో నేనూ పొరబడ్డాను. ఈ దశలో చూస్తే చుట్టరికం కూడా తెలియదు." చుట్టూ చూసి నవ్వుతూ అడిగింది, "ఎవరు గుర్తించారు దీన్ని?"

అతను నోరు తెరిచాడు. తెరిచిన నోటిలో నాలుక ఉన్నట్టే అనిపించలేదు. తోడల్లుడు సూటిగా అతని మొహంలోకి చూస్తున్నాడు. ఆయనకు ఎదురుగా ఉన్నది సూది బెజ్జమైనా కనిపిస్తుంది.

"నేనేనమ్మా," అన్నాడు తోడల్లుడు. "మా తమ్ముడికి మొదట్నుంచీ అనుమానమే. అరుదైనదే, చీటీ రాసి పెట్టు అని నేనే పట్టుబట్టాను. బస్సు డ్రైవర్ని గదా, హారన్ కొడితే దారి దానంతటదే వస్తుందనుకున్నా."

ముందు లెక్చరరు నవ్వింది, మంచిగానే. తర్వాత గదంతా నవ్వింది. పేపరు తాత మోకాలు చరుచుకున్నాడు. "ఉద్యోగం తీసింది ఆ కళ్ళే, మళ్ళీ వాటినే నమ్ముకున్నావా నాయనా! పిల్లను చూసి తల్లిని పోల్చుకోలేకపోతివే. నయం, స్టాపులో పిల్లల్ని వదిలేసి తల్లుల్ని ఎక్కించుకోలేదు!"

మళ్ళీ నవ్వులు. తోడల్లుడు కూడా నవ్వాడు, చొక్కా కాలరు సర్దుకున్నాడు. తలుపు దగ్గర వదిన లేదు.

అప్పుడు అతనికి తన మొహం మీద ఏదో ఉన్నట్టు తెలిసింది. పెదవులు సాగి ఉన్నాయి, బుగ్గలు పైకి లేచి ఉన్నాయి. అందరితో పాటు తనూ నవ్వుతున్నాడు. ఎప్పుడు మొదలుపెట్టాడో తెలియదు. ఆపాలని చూస్తే కండరాలు మాట వినలేదు. ఆ నవ్వుతోనే లెక్చరరు చేతిలోంచి గుల్లను తీసుకున్నాడు. ఆ నవ్వుతోనే పాత చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

*

చీకటి పడకముందే మేడ మెట్లెక్కాడు. తోడల్లుడు పిట్టగోడ పక్కన కుర్చీలో బనీనుతో కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా తీగ మీద ఆరేసి ఉంది. ఒక్కపూట తొడిగినదాన్ని వదిన అప్పుడే ఉతికేసింది.

"రా, కూర్చో. మొహం ఏంటలా వేలాడేశావు? ఎవరికి రాదు పొరపాటు!"

"ఎందుకలా అన్నారు అన్నయ్యా?"

"ఏమంటే ఏం? నువ్వు అక్కడ సున్నం కొట్టిన గోడలా తెల్లబోయావు. నీకు ఆ గదిలో ఒక పేరుంది. నాకు పోయేదేముంది? ఉన్న పేరు డిపోలోనే ఒప్పజెప్పొచ్చాను." ఆయన నవ్వాడు. "నిజానికి నాకు బాగానే అనిపించింది తెలుసా? చాలా రోజులకి ఒకడికి అడ్డుగా నిలబడ్డాను. నాకూ కాస్త పనుంది అనిపించింది."

ఇక్కడ ఆపేయవచ్చు. ఆయన తృప్తిగా ఉన్నాడు. ఆ తృప్తి మీద చెయ్యి వేసి, అవునన్నయ్యా, మీ ఋణం తీర్చుకోలేను అని రెండు మాటలంటే చాలు. అతను ఆ మాటల కోసం నోరు తెరిచాడు కూడా. వచ్చింది వేరే మాట.

"నాకు ముందే తెలుసు."

"ఏం తెలుసు?"

"అది పసుపు గవ్వ పిల్ల అని. తుఫాను మర్నాడే తెలిసింది. అన్ని దశలవీ దొరికాయి నాకు, వరసగా. మీరు వస్తుంటే నీళ్ళలో విసిరేశాను. రాయి అన్నాను చూడండి, అవే."

కింద వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేస్తున్నారు.

"నేను అక్కడే ఉన్నాను గదా," అన్నాడు చివరికి. "నీ పక్కనే ఉన్నాను. విసురుతుంటే కనబడలేదే."

అతను పిట్టగోడ వైపు తిరిగాడు.

"ఎటువైపు నిలబడ్డావు?"

"ఎడమవైపు."

ఆయన తలూపాడు, చిన్న లెక్క సరిపోయినట్టు. అరుస్తాడనుకున్నాడతను, కొడితే బాగుండుననుకున్నాడు. ఆయన కళ్ళజోడు తీసి, బనీను అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"గవ్వ సంగతి తెలియక పొరబడ్డావనుకో, అందులో ఏమీ లేదు. తెలిశాక దాచావు. సరే, భయం. అదీ అర్థమవుతుంది. నిన్న షాపులో నేను చొక్కా గురించి చెప్తుంటే విన్నావు. అది కొంచెం కష్టం. కాని ఎడమవైపుకి జరిగావు చూడు..." మాట ఆపేశాడు. "నేను నీ దగ్గరికొచ్చి, నాకెంత కనబడుతుందో చూడరా అని స్టూలు మీద కూర్చున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు అది."

"అన్నయ్యా, నేను..."

"నాకు చెప్పడం సులువు. నేను నీ ఇంట్లో ఉంటున్నాను, ఏమంటాను? రేపు ఆ గదికెళ్ళి, అదే బీరువా ముందు, ఆ తాత ముందు చెప్పు. విసిరేసింది కూడా చెప్పు. నేను వస్తాను. లోపలికి రాను, మెట్ల మీద ఉంటాను."

గది తలుపు దగ్గర వదిన నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. ఆమె తీగ మీది చొక్కాను తడితడిగానే లాగి, అతని పక్కనుంచి లోపలికి వెళ్ళింది. అతను గోడకు ఒదిగి ఆమెకు దారి ఇచ్చాడు. ఇవ్వాల్సిన అవసరం లేనంత చోటుంది అక్కడ.

*

మర్నాడు రీడింగ్ రూములో పేపర్లు తిప్పే చప్పుడు తప్ప ఏమీ లేదు. లైబ్రేరియన్, పేపరు తాత, ఇంకో నలుగురైదుగురు. బీరువా మధ్య అరలో నీలం వెల్వెట్ గుడ్డ ఖాళీగా ఉంది.

"ఏం సారూ, పిల్లగవ్వాయన రాలేదా?" అన్నాడు తాత. పేరు అప్పుడే పెట్టేశారన్నమాట.

అతను బీరువాకు వీపు ఆనించి నిలబడ్డాడు. రాత్రంతా మాటలు సిద్ధం చేసుకున్నాడు. వరసగా చెప్పాడు. గుర్తించింది తనే. చీటీ రాసింది తనే. అన్నయ్య పట్టుబట్టలేదు, ఆయనకు ఆ పేరు కూడా తెలియదు. తుఫాను మర్నాడు తనకు నిజం తెలిసింది. రుజువులు సముద్రంలో పారేశాడు. ఆయనకు పక్కచూపు లేదు కాబట్టి ఆ వైపు నిలబడి పారేశాడు. నిన్న ఆయన అబద్ధమాడింది తనను కాపాడ్డానికి.

చెప్పేశాక ఒకరకమైన తేలికదనం కోసం ఎదురుచూశాడు.

తాత పేపరు మడిచాడు. ముక్కు మీది కళ్ళజోడు పైనుంచి అతన్ని తేరిపార చూశాడు.

"చూశారా!" అన్నాడు అందరి వైపూ తిరిగి. "మనిషంటే ఇదీ. ఆయన పరువు పోయిందని పాపం రాత్రంతా నిద్రపోయినట్టు లేడు. కథ కూడా ఎంత బాగా అల్లుకొచ్చాడో చూడండి."

"అల్లలేదండీ, నిజంగానే..."

"మాకు తెలీదా సారూ మీ సంగతి? గవ్వను చూసి మీరు పొరబడడమేంటి?" అన్నాడు లైబ్రేరియన్. "పైగా, పారేశాననీ, గుడ్డివైపు నిలబడ్డాననీ... ఎంతైనా మరీ అంత నీచంగా చెప్పుకోవాలా ఎవరికోసమైనా? మీరు అలాంటి పని చేసే మనిషా?"

"చేశాను."

"సరే, చేశారు," అన్నాడు తాత పసిపిల్లవాణ్ణి ఊరడించినట్టు. "సొంత అన్నదమ్ములే ఆస్తుల కోసం కోర్టులకెక్కుతున్న రోజులు. తోడల్లుణ్ణి ఇలా వెనకేసుకొచ్చేవాణ్ణి నేను చూళ్ళేదు. ఆ పిల్లగవ్వాయన అదృష్టవంతుడు."

ఎవరో చప్పట్లు కొట్టబోయి, రీడింగ్ రూమని గుర్తొచ్చి మానేశారు. లైబ్రేరియన్ వచ్చి అతని భుజం తట్టాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. తీసేయమని అరవాలనిపించింది. 'గవ్వల సారు' అన్న ఈ పేరును ఇన్నేళ్ళు తనే గింజ గింజ పోసి పెంచాడు. ఇప్పుడు అది తన మాటను కూడా లోపలికి రానివ్వడం లేదు. అతను నిజం చెప్పేకొద్దీ అది ఇంకా లావెక్కుతోంది.

బయటికి వచ్చాడు. తోడల్లుడు కింది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"చెప్పావా?"

"చెప్పాను."

"అంతా?"

"అంతా."

"ఏమన్నారు?"

విన్నారు అని అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు. అతను ఆయన పక్కన కూర్చోబోయి, కూర్చోకుండా నిలబడ్డాడు.

"నమ్మలేదు. మీ కోసం కథ అల్లానన్నారు." వెనక్కి, రీడింగ్ రూము తలుపు వైపు చూశాడు. "నన్ను మెచ్చుకున్నారు అన్నయ్యా."

తోడల్లుడు నవ్వలేదు. మోకాళ్ళ మీద చేతులు ఊని లేచాడు, ఇసుక లేకపోయినా ప్యాంటు దులుపుకున్నాడు.

"అయితే రేపు మళ్ళీ చెప్పు."

"రేపూ నమ్మకపోతే?"

"ఎల్లుండి చెప్పు. నాకేమన్నా డ్యూటీ ఉందా? రోజూ వచ్చి ఇక్కడే కూర్చుంటాను."